స్మృతి ప్రమాణమా? జ్యూరీ గదిలో ఒక ప్రాచీన ప్రశ్న

స్మృతి ప్రమాణమా, కాదా అనే ప్రశ్న తర్కశాస్త్ర విద్యార్థికి ఆరంభంలోనే ఎదురవుతుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు బాలుర కోసం కూర్చిన తర్కసంగ్రహం బుద్ధిని స్మృతి అనీ, అనుభవమనీ రెండుగా విభజిస్తుంది. సంస్కారం తప్ప మరొక ఆధారం లేకుండా పుట్టే జ్ఞానం స్మృతి. ప్రత్యక్షాది ప్రమాణాల విచారమంతా అనుభవం వైపే సాగుతుంది. స్మృతి యథార్థం కావచ్చు, అయథార్థమూ కావచ్చు. ఏదైనా అది తన విషయాన్ని తాను చూసి చెప్పేది కాదు. పూర్వానుభవం అప్పగించిన మూటను విప్పి చూపేది మాత్రమే. మూటలో ఉన్నది రత్నమైతే రత్నం, రాయి అయితే రాయి. విద్యార్థి ఈ విభాగాన్ని కంఠస్థం చేసి ప్రత్యక్ష ఖండంలోకి వెళ్లిపోతాడు. దీనివల్ల లోకంలో ఎవరికైనా లాభమో నష్టమో కలుగుతుందని అతనికి సాధారణంగా తోచదు.

అన్ని దర్శనాలూ ఇక్కడ ఒకే మాట మీద లేవు. జైన తార్కికులు స్మృతిని పరోక్ష ప్రమాణాలలో ఒకటిగా అంగీకరించారు. మధ్వ సంప్రదాయం మనస్సునే ఇంద్రియంగా గ్రహించి, దాని ద్వారా గతాన్ని నేరుగా తెలుసుకొనే జ్ఞానంగా స్మృతికి ప్రామాణ్యం ఇచ్చింది. వారి వాదంలో బలం లేకపోలేదు. స్మృతిని పూర్తిగా నిరాకరిస్తే అప్పు ఇచ్చినవాడు అప్పు అడగలేడు, వ్యాప్తిని ఎన్నడో గ్రహించినవాడు నేడు పొగను చూసి నిప్పును ఊహించలేడు. నైయాయికుడు కూడా స్మృతి నిరుపయోగమని అనలేదు. దానిది స్వతంత్రమైన సాక్ష్యం కాదని మాత్రమే అన్నాడు. స్మృతి ఎంత నమ్మదగినదో తెలియాలంటే దాని వెనుక ఉన్న అనుభవం వద్దకు వెళ్లి అడగాలి.

ఆ అనుభవం వద్దకు తిరిగి వెళ్లే దారి లేనప్పుడు ఏమి చేయాలి? ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురయ్యే స్థలం ఒకటి నేటికీ లోకంలో ఉన్నది. జ్యూరీ విధానం ఉన్న దేశాలలో ఒక మనిషి నేరస్థుడా కాదా అని నిర్ణయించేది న్యాయశాస్త్రం చదివినవారు కారు. వీధిలోంచి, దుకాణంలోంచి, పాఠశాలలోంచి పిలిపించిన పన్నెండుగురు సామాన్య పౌరులు. రోజుల తరబడి వారు వింటారు. మాట్లాడరు, సాధారణంగా ప్రశ్నించరు, ఇంటికి వెళ్లి భార్యాపిల్లలతోనైనా చర్చించకూడదు. చివరికి ఒక గదిలో కూర్చుంటారు. ఆ గదిలోకి వస్తువులు వస్తాయి, ఫొటోలు వస్తాయి, సాక్షులు రారు. సాక్షులు పలికిన మాటలు అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటాయి. పన్నెండుగురి అంతఃకరణాలలో మిగిలిన సంస్కారాలే ఆ గదిలో సాక్ష్యం. వాటి మీదనే ఒకరి స్వేచ్ఛ, ఒక్కొక్కచోట ప్రాణం, ఆధారపడి ఉంటుంది.

సంస్కారం అందరిలోనూ ఒకే లోతున పడదు. వైశేషిక భాష్యకారుడైన ప్రశస్తపాదుడు భావన అనే సంస్కారం దృఢపడటానికి మూడు విధాలైన ప్రత్యయాలను కారణంగా చెప్పాడు: పటుత్వం, అభ్యాసం, ఆదరం. పటుత్వానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ చిత్రంగా ఉంటుంది. దక్షిణదేశస్థుడు ఒంటెను చూడటం! ఒంటెలు లేని నేలలో పుట్టినవాడు మొదటిసారి ఆ జంతువును చూస్తే ఆ ఆశ్చర్యం ఒక్క దర్శనంతోనే జీవితాంతం నిలిచే ముద్ర వేస్తుంది. అదే దారిలో అతడు చూసిన నూరు ఎడ్లు అతనికి గుర్తుండవు.

న్యాయస్థానంలో ఒంటె ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. రక్తసిక్తమైన చొక్కా ఒంటె. సాక్షి గొంతు పూడుకుపోయి మాట ఆగిన క్షణం ఒంటె. ఫోరెన్సిక్ నిపుణుడు మధ్యాహ్న భోజనానంతరం రెండు గంటలపాటు చెప్పిన అంకెలు ఎడ్లు. కేసు నిజంగా ఆ అంకెల మీదనే ఆధారపడి ఉండవచ్చు. అయినా మూడవ రోజుకు జ్యూరీ సభ్యుని మనస్సులో చొక్కా ఉంటుంది, అంకెలు ఉండవు. ఇది బుద్ధిమాంద్యం కాదు, సంస్కారానికి సహజమైన ధర్మం. నైపుణ్యం ఉన్న న్యాయవాదికి ప్రశస్తపాదుని పేరు తెలియకపోయినా ఈ మూడు ద్వారాలూ తెలుసు. ఆశ్చర్యం కలిగిస్తాడు, ఒకే మాటను పదిసార్లు పలుకుతాడు, ‘ఇది ముఖ్యం, శ్రద్ధగా వినండి’ అంటాడు.

మనవారు ఈ బలహీనతను గుర్తించలేదని అనుకోవడం పొరపాటు. ఆరు మాసాలలోనే జ్ఞాపకంలో భ్రాంతి పుడుతుందనీ, అందుకే సృష్టికర్త అక్షరాలను కల్పించాడనీ బృహస్పతి పేర ఒక స్మృతివచనం ప్రచారంలో ఉన్నది. మృచ్ఛకటికం తొమ్మిదవ అంకంలో న్యాయాధికారి పక్కన శ్రేష్ఠితోపాటు కాయస్థుడు కూడా కూర్చుంటాడు, విన్నదానిని వ్రాయడానికి. ఆధునిక జ్యూరీ విధానం మాత్రం చాలాకాలం సభ్యులను వ్రాసుకోనివ్వలేదు. వ్రాసేవాడు వినడం మానేస్తాడని ఒక భయం, వ్రాయడం వచ్చినవాడు రానివారి మీద పెత్తనం చేస్తాడని మరొక భయం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రం 1995లో చేసిన సంస్కరణలలో జ్యూరీ సభ్యులు వ్రాసుకోవడానికీ, న్యాయమూర్తి ద్వారా లిఖితపూర్వకంగా ప్రశ్నలు అడగడానికీ మార్గం ఏర్పడింది. ఒక సాధారణ విద్యార్థికి తరగతిలో ఉండే సదుపాయం ఒక మనిషి భవిష్యత్తును నిర్ణయించేవారికి అంత ఆలస్యంగా లభించడం విచిత్రమే.

వ్రాతకు అందని చిక్కు మరొకటి ఉన్నది. మనస్సు విన్నదానిని విన్న క్రమంలో దాచదు, కథగా అల్లి దాచుతుంది. నాన్సీ పెన్నింగ్టన్, రీడ్ హేస్టీ అనే అమెరికన్ మనోవిజ్ఞానులు 1988లో ప్రచురించిన పరిశోధనలో ఒకే హత్యకేసు సాక్ష్యాలను క్రమం మాత్రం మార్చి వినిపించారు. ప్రాసిక్యూషన్ సాక్ష్యం సంఘటన జరిగిన వరుసలో కథవలె సాగి, ముద్దాయి పక్షపు సాక్ష్యం సాక్షుల వారీగా ముక్కలుగా వచ్చినప్పుడు 78 శాతం మంది అతడు హంతకుడన్నారు. దీనిని తారుమారు చేసినప్పుడు అలా అన్నవారు 31 శాతమే. వాక్యాలు అవే, వాస్తవాలు అవే. కథగా కుదిరినది సత్యంగా తోచింది.

ఆ కథకు మూసలు మనస్సులో ముందే ఉంటాయి. వాటినే మనవారు వాసనలన్నారు. కొత్తగా వినిన ప్రతి మాటా పాత వాసన పోసిన అచ్చులోకి జారుతుంది. అచ్చులో పట్టనిది పొర్లిపోతుంది.

ఈ దేశంలోనే దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉన్నది. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండర్ కె.ఎం. నానావతి తన భార్య ప్రియుడైన ప్రేమ్ ఆహుజాను కాల్చాడన్న కేసు. ‘బ్లిట్జ్’ అనే వారపత్రిక సంపాదకుడు కరంజియా ఆ అధికారిని వంచితుడైన సత్పురుషుడిగా వారం వారం చిత్రించాడు. తొమ్మిదిమంది జ్యూరీలో ఎనిమిదిమంది అతడు నిర్దోషి అన్నారు. వారు న్యాయస్థానంలో ప్రవేశించకముందే ఆ నగరం గాలిలో ఒక కథ ఉన్నది. అందులో వంచితుడైన భర్త, ఇల్లు చెరిచిన పరపురుషుడు, కుల మర్యాద అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఈ దేశవాసికి అటువంటి కథ అచ్చు కొత్తదా? సెషన్స్ న్యాయమూర్తి ఆ నిర్ణయంతో ఏకీభవించక కేసును హైకోర్టుకు నివేదించాడు. హైకోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు దానిని ధ్రువపరచింది.

ఆ తీర్పులో స్మృతివిచారకుడు ఆగి చూడవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. జ్యూరీకి న్యాయమూర్తి చేసిన ఉపదేశంలోని దోషాలలో ఒకటిగా, నానావతి భార్య ఆహుజాకు వ్రాసిన లేఖలలోని విషయాన్ని ఆయన వారి ముందు మళ్లీ ఉంచకపోవడాన్ని న్యాయస్థానం ఎత్తిచూపింది. ఆ లేఖలు విచారణలో జ్యూరీ ఎదుట చదివినవే కదా, వారికి తెలిసినవే కదా అని ముద్దాయి పక్షం వాదించింది. ఆ సమాధానాన్ని సుప్రీంకోర్టు స్వీకరించలేదు. ఎన్నడో ఒకసారి చెవిన పడినది నిర్ణయ సమయంలో మనస్సులో ఉన్నట్లే అని భావించరాదన్నమాట. న్యాయసూత్రాలు స్మృతికి నిమిత్తాలను ఇరవైకి పైగా లెక్కపెట్టాయి: ప్రణిధానం, అభ్యాసం, సాదృశ్యం, విరోధం, సుఖదుఃఖాలు, భయం ఇత్యాదులు. నిమిత్తం తగలకపోతే సంస్కారం ఉండీ నిద్రిస్తుంది. లేఖల సంస్కారాన్ని మేల్కొల్పవలసినవాడు న్యాయమూర్తి. ఆయన దానిని నిద్రపోనిచ్చాడు.

భారతదేశంలో జ్యూరీ ఈ కేసుతోనే అంతమైందని తరచుగా చెబుతారు. అది అతిశయోక్తి. తరువాత కూడా కొన్నిచోట్ల కొనసాగి, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో చోటు లేక పోయింది. పార్సీల వివాహ వివాదాలలో దాని ఛాయ ఇప్పటికీ ఉన్నది. కానీ తెలుగువారికి జ్యూరీ పూర్తిగా పరాయి విషయం కూడా కాదు. అమెరికా పౌరసత్వం స్వీకరించిన తెలుగువారి ఇళ్లకు జ్యూరీ పిలుపు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. చాలామంది దానిని సెలవు పోగొట్టే ఉపద్రవంగా చూస్తారు. ఒకరు మాత్రం దానిని మరొక విధంగా చూడవలసి వచ్చింది.

ఆయన టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ నగర ప్రాంతాన ఇరవై ఏళ్లకు పైగా నివసిస్తున్న ఇంజనీరు. ప్రతి శనివారం రాత్రి, అంటే ఇక్కడ ఆదివారం ఉదయం, రాజమహేంద్రవరంలో ఉన్న ఒక వృద్ధ పండితుని వద్ద ఫోనులోనే తర్కం చదువుకుంటున్నారు. పాఠం అనుమాన ఖండానికి వచ్చిన వారంలో పిలుపు వచ్చింది. ప్రాథమిక ప్రశ్నల తరువాత ఆయన పన్నెండుగురిలో ఒకరుగా మిగిలారు.

కేసు చిన్నదిగానే కనిపించింది. పందొమ్మిదేళ్ల యువకుడు అర్ధరాత్రి గ్యాస్ స్టేషన్ దుకాణంలో ప్రవేశించి, గుమాస్తాను బెదిరించి గల్లాపెట్టెలోని డబ్బు పట్టుకుపోయాడు. ఆ పని చేసింది అతడే అన్నదానిలో వివాదం లేదు. అతని న్యాయవాదే ఒప్పుకున్నాడు. వివాదమంతా ఒక్క వస్తువు మీద: తుపాకీ చూపించాడా లేదా? ఆ రాష్ట్రపు చట్టంలో మారణాయుధం ప్రదర్శించిన దోపిడీకి శిక్ష 5 నుంచి 99 సంవత్సరాలు, లేదా యావజ్జీవం. ఆయుధం లేని దోపిడీకి 2 నుంచి 20. తుపాకీ దొరకలేదు. కెమెరాలో అతని వీపు తప్ప మరేమీ కనబడలేదు. చూసినవాడు గుమాస్తా ఒక్కడే.

రెండవ రోజు గుమాస్తా సాక్ష్యం చెప్పాడు. ప్రాసిక్యూటర్ ఒకచోట, “ఆ నల్లటి తుపాకీని మీ మీదికి గురిపెట్టినప్పుడు మీరేం చేశారు?” అని అడిగాడు. ముద్దాయి న్యాయవాది వెంటనే లేచి, సాక్షి తుపాకీని చూశానని ఎక్కడా అనలేదని అభ్యంతరం చెప్పాడు. న్యాయమూర్తి అంగీకరించి, ఆ ప్రశ్నను రికార్డు నుంచి తొలగించి, జ్యూరీ దానిని లెక్కలోకి తీసుకోరాదని ఆదేశించాడు. ప్రాసిక్యూటర్ ప్రశ్నను మార్చాడు: “అప్పుడు మీరేం చేశారు?” గుమాస్తా రెండు చేతులూ పైకెత్తి చూపాడు. “ఇలా నిలబడ్డాను. ఇక ఇంటికి వెళ్లనేమో అనుకున్నాను” అన్నాడు. అతని గొంతు వణికింది. గది నిశ్శబ్దమైంది.

మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న వైద్యుని కథ తెలుగువారికి తెలిసినదే. ఆ మాట వినకపోతే రోగికి కోతి గుర్తుకు వచ్చేదే కాదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనోవిజ్ఞాని తెల్ల ఎలుగుబంటిని తలచవద్దని చెప్పి చేసిన ప్రయోగాలు ఈ వైద్యుని కథకే శాస్త్రరూపం. మృచ్ఛకటికంలో ఇంకొక దృశ్యం ఉన్నది. శకారుడు తొందరపాటున తన గుట్టు తానే బయటపెట్టే మాట ఒకటి అంటాడు, కాయస్థుడు దానిని వ్రాస్తాడు, శకారుడు కాలితో ఆ వ్రాతను చెరిపేస్తాడు. ప్రేక్షకులు నవ్వుతారు, ఎందుకంటే చెరిగింది వ్రాత మాత్రమేనని అందరికీ తెలుసు. ‘లెక్కలోకి తీసుకోవద్దు’ అనే న్యాయమూర్తి ఆదేశానికి ఉన్న బలం ఆ పాదానికి ఉన్న బలం కంటే ఎక్కువేమీ కాదు.

ఐదవ రోజు మధ్యాహ్నం తలుపులు మూశారు. అధ్యక్షురాలిగా ఎన్నికైన విశ్రాంత ఉపాధ్యాయిని, గుమాస్తా ఏమన్నాడో ఒక్కొక్కరూ చెప్పమన్నారు. ఏడుగురికి స్పష్టంగా గుర్తున్నది: తుపాకీ నల్లగా ఉందని గుమాస్తా అన్నాడు. వారిలో ఒక నర్సు, వృత్తిరీత్యా ఎంతో జాగ్రత్త గల మనిషి, గుమాస్తా చేతులతో తుపాకీ పొడవు కూడా చూపాడని చెప్పింది. “నా కళ్లతో చూశాను. ఇంత ఉంటుందని చూపాడు.” ముగ్గురు నిశ్చయంగా చెప్పలేకపోయారు. ఇంజనీరు తన నోటు పుస్తకం తెరిచారు. అందులో రెండవ రోజు పుటలో ‘కుడి చేయి – జేబు’ అని మాత్రమే ఉన్నది. కాలేజీ విద్యార్థి ఒకడు, “నల్లటి అన్న మాట లాయరుది. జడ్జిగారు తీసేయమన్నారు” అన్నాడు.

“నోటు పుస్తకాలు సాక్ష్యం కావని జడ్జిగారే చెప్పారుగా? మీరు వ్రాసుకోలేదంటే అతడు అనలేదని కాదు” అని ఒకరన్నారు. ఆ మాట చట్టరీత్యా సరైనదే. ఒకరి వ్రాత మరొకరి జ్ఞాపకం కంటే అధికమని భావించరాదనే ఆదేశం వారికి ఉన్నది.

వారు వాఙ్మూలం చదివి వినిపించమని న్యాయమూర్తికి చీటీ పంపారు. ఆ రాష్ట్రంలో దీనికి ఒక నియమం ఉన్నది. ఏదో మరొకసారి విందామని కోరితే చదవరు. ఫలానా సాక్షి చెప్పిన ఫలానా మాట విషయంలో తమలో భేదాభిప్రాయం ఉన్నదని జ్యూరీ చెప్పినప్పుడే, ఆ మాటకు సంబంధించిన భాగాన్ని మాత్రమే చదువుతారు. వారు చీటీని మళ్లీ ఆ రీతిలో వ్రాసి పంపారు.

కోర్టు రిపోర్టరు చదివింది. ఏ ఉద్వేగమూ లేని గొంతు, ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు. “అతని చేయి చూశారా?” “కుడి చేయి జాకెట్ జేబులో ఉంది.” “జేబులో ఏమున్నదో చూశారా?” “లేదు. ఉందనుకున్నాను.” ఆ తరువాత చేతులు పైకెత్తిన మాట. నలుపు లేదు, పొడవు లేదు. తొలగించిన ప్రశ్న రికార్డులో లేదు కనుక ఆమె దానిని చదవలేదు. కాగితం మీద చెరిగిపోయిన ఆ ఒక్క వాక్యమే ఏడుగురి మనస్సులలో గుమాస్తా సాక్ష్యంగా మిగిలి ఉన్నది. నర్సు చూసిన చేతుల కదలిక నిజమే; కానీ అవి పొడవు చూపిన చేతులు కావు, ప్రాణభయంతో పైకి లేచిన చేతులు.

ఈ ఏడుగురు అబద్ధమాడలేదు. వారికి మతిమరుపూ లేదు. మరచినవాడు ‘గుర్తులేదు’ అంటాడు, వీరికి గుర్తున్నది. అప్పుడు దోషం ఎక్కడ?

ముత్యపు చిప్పను చూసి ‘ఇది వెండి’ అనే భ్రమకు మన దర్శనాలు ఎన్నో వివరణలు ఇచ్చాయి. వాటిలో ప్రభాకర మీమాంసకుల అఖ్యాతివాదం ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. వారి మతంలో అక్కడ ఉన్నది ఒక జ్ఞానం కాదు, రెండు. ‘ఇది’ అనేది ఎదుట ఉన్నదాని ప్రత్యక్షం. ‘వెండి’ అనేది ఎన్నడో చూసినదాని స్మృతి. స్మృతికి స్వభావసిద్ధంగా ఒక గుర్తు ఉంటుంది: అది ‘ఆ’ వెండి, అప్పటిది, అక్కడిది. ఈ ‘ఆ’ అనే గుర్తునే తత్త అంటారు. లోభం వంటి ఏదో ఒక దోషం వల్ల ఆ తత్త అపహృతమవుతుంది. దానికే స్మృతిప్రమోషమని పేరు. గుర్తు పోయిన స్మృతి తాను స్మృతినని చెప్పుకోలేదు. అప్పుడు రెండు జ్ఞానాల మధ్య భేదం తెలియక మనిషి చిప్పను పట్టుకోవడానికి చేయి చాస్తాడు. ఈ వివరణను నైయాయికులు ఒప్పుకోరు, భ్రమను ఒకే విశిష్టజ్ఞానంగా గ్రహించే వారి అన్యథాఖ్యాతి వేరు. భ్రమలన్నిటికీ ప్రభాకరులది చాలకపోవచ్చు. జ్యూరీ గదిలోని భ్రమకు మాత్రం ఇంతకంటే దగ్గరైన వివరణ కనబడదు.

‘నల్లటి తుపాకీ’ అనే సంస్కారం ఏడుగురిలోనూ యథాతథంగా ఉన్నది. ఆ శబ్దం ఆ గదిలో నిజంగానే ధ్వనించింది. పోయింది తత్త: ఎవరి నోట, ఎప్పుడు, ఏ హోదాలో అన్న గుర్తు. న్యాయవాది ప్రశ్నలోని పదం, గుమాస్తా వణికిన గొంతు, పైకి లేచిన చేతులు, ఇవి మూడు వేరు వేరు అనుభవాలు. మూడు రోజులలో వాటి మధ్య గోడలు కూలిపోయాయి. ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ 1974లో ప్రకటించిన ప్రయోగం దీనికి సోదర తుల్యం. కార్ల ప్రమాదపు చిత్రం చూసినవారిలో కొందరిని కార్లు ‘తాకినప్పుడు’ ఎంత వేగంగా ఉన్నాయని, కొందరిని ‘పగిలేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంగా ఉన్నాయని అడిగారు. వారం తరువాత, పగిలిన అద్దం చూశారా అని ప్రశ్నించారు. చిత్రంలో పగిలిన అద్దం లేదు. మొదటి వర్గంలో 50 మందిలో 7 గురు చూశామన్నారు. రెండవ వర్గంలో 50 మందిలో 16 మంది. ప్రశ్నలోని క్రియాపదం అద్దాన్ని పగలగొట్టింది. అక్కడ ప్రశ్న సాక్షి స్మృతిలో కలిసింది; డాలస్‌లో ప్రశ్న శ్రోతల స్మృతిలో కలిసింది. సాక్షి మాత్రం శుద్ధంగానే ఉన్నాడు. చూడలేదనే చెప్పాడు.

సాక్షి జ్ఞాపకశక్తిని శంకించడం న్యాయవిధానానికి కొత్త కాదు. అడ్డు ప్రశ్నలన్నీ అందుకోసమే. శ్రోత జ్ఞాపకానికి అడ్డు ప్రశ్న వేసేవారు ఎవరూ లేరు. ఆ గదిలో పన్నెండుగురూ ఒకరికొకరు సాక్షులు, ఒకరికొకరు న్యాయమూర్తులు. ఇద్దరు దృఢంగా చెప్పిన మాట మూడవవానికి తన జ్ఞాపకంగానే తోచడం మొదలుపెడుతుంది. దృఢత్వం యాథార్థ్యానికి లక్షణం కాదు. ఒంటెను చూసినవాడు ఎంత దృఢంగా చెబుతాడో, చిప్పను వెండిగా చూసినవాడూ అంత దృఢంగానే చేయి చాస్తాడు.

రెండు గంటల తరువాత వారు ఏకగ్రీవంగా నిర్ణయానికి వచ్చారు: దోపిడీ నిజం, ఆయుధం నిరూపితం కాలేదు. నోటు పుస్తకాలు బెయిలిఫ్ తీసుకున్నాడు. వాటిని నాశనం చేస్తారు. కారు నిలిపిన చోటికి నడుస్తూ నర్సు ఇంజనీరుతో అన్నది: “చదివింది విన్నాను. దాని ప్రకారమే ఓటు వేశాను. కానీ నిజం చెప్పాలంటే ఆ తుపాకీ నాకు ఇప్పటికీ కనబడుతూనే ఉంది.”

ఆ వారమంతా ఎవరితోనూ కేసు మాట్లాడకూడదు కనుక పాఠం జరగలేదు. తరువాతి శనివారం రాత్రి ఇంజనీరు గురువుగారికి ఫోను చేసి వృత్తాంతమంతా చెప్పారు. వృద్ధుడు మధ్యలో ఒక్కసారి మాత్రం ఆపి, ఆ గుమాస్తా “ఉందనుకున్నాను” అన్న మాట మళ్లీ చెప్పించుకున్నారు. “వాడు మంచి తార్కికుడు నాయనా. చూసినదీ, అనుకున్నదీ విడదీసి చెప్పాడు. అంత భయంలో కూడా.”

“మరి ఆ నర్సు సంగతి ఏమంటారు గురువుగారూ? రికార్డు విన్న తరువాత కూడా తుపాకీ కనబడుతోందంటే, ఆమెకు బాధకజ్ఞానం కలిగినట్లా, కలగనట్లా?”

“తాడని తెలిసిన తరువాత కూడా కొంతసేపు ఒళ్లు వణుకుతుంది. దాన్నే బాధితానువృత్తి అన్నారు. పొద్దున్నే లేచి కన్ను నొక్కి చూస్తే ఇద్దరు చంద్రులు కనబడతారు. ఒక్కడేనని తెలిసినా రెండోవాడు పోడు. కనబడినంత మాత్రాన ఇద్దరికీ దండం పెడతామా? ఆవిడ వణుకుతూనే తాడు అన్నది. అది చిన్న విషయం కాదు. మీ పన్నెండుగురిలో అందరికంటే కష్టమైన పని చేసింది ఆవిడే. నీకు పుస్తకం ఉంది. ఆవిడ తనకు కనబడేదానికి ఎదురుగా నిలబడి చెప్పాలి.”

కొంతసేపు ఇద్దరూ మాట్లాడలేదు. రాజమహేంద్రవరంలో ఎక్కడో గుడి మైకు వినబడుతోంది.

“ఒకటి చెప్పు” అన్నారు గురువుగారు. “మీలో మీకు పేచీ వచ్చింది కాబట్టి ఆ కాగితం చదివారు. పేచీ లేకపోతే చదవరన్నావు కదా?”

“చదవరండి. నియమం అదే.”

“ఆ కుర్రవాడూ నువ్వూ ఆ రోజు అక్కడ లేరనుకో. పన్నెండుగురికీ నల్లటి తుపాకీయే గుర్తుందనుకో. అప్పుడు?”

ఇంజనీరు సమాధానం చెప్పలేదు. గురువుగారు కూడా మళ్లీ అడగలేదు. పుస్తకం తీయమని చెప్పి, రెండు వారాల క్రితం ఆగిన చోటి నుంచి పాఠం మొదలుపెట్టారు.